అప్‌డేట్ దోషమా, బ్యాటరీ దోషమా?

టాబ్లెట్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఎక్కించిన కొద్ది రోజులకే ఛార్జింగ్ త్వరగా దిగిపోతోందని, లేదా ఎంతసేపు పెట్టినా ఎక్కడం లేదని వినవచ్చే ఫిర్యాదు చాలా సాధారణమైనది. దానికి కారణమేమిటన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ వివాదానికే దారితీస్తుంది. వాడుకరి లెక్క ప్రకారం నిన్నటిదాకా సవ్యంగా పనిచేసిన వస్తువు నేడు పనిచేయడం లేదు, మధ్యలో జరిగిన మార్పు అప్‌డేట్ ఒక్కటే, కనుక దోషం దానిదే. బాగుచేసేవారి లెక్క ప్రకారం బ్యాటరీ అనేది వాడినా వాడకపోయినా అరిగే రసాయన పదార్థం, అప్‌డేట్ కేవలం ఆ అరుగుదల కంటపడిన సందర్భం. ఈ రెండు పక్షాలనూ ఎదురెదురుగా నిలిపి పరీక్షించడం ఈ సంవాదం ఉద్దేశం. ఇందులో మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు: ఒకరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో విద్యార్థుల టాబ్లెట్ల బాధ్యత చూసే ఉపాధ్యాయిని, మరొకరు సమీప పట్టణంలో ఫోన్లూ టాబ్లెట్లూ బాగుచేసే మరమ్మతుదారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి విద్యార్థులకు 2022 డిసెంబరులో టాబ్లెట్ల పంపిణీ మొదలైనప్పటి నుంచి, ఒకప్పుడు కొద్దిమంది కొనుగోలుదారుల బాధగా ఉన్న ఈ సమస్య పల్లెటూరి ఇంటి ప్లగ్గు దాకా వచ్చింది గనుక దీన్ని శ్రద్ధగా విచారించడం అవసరం.

ఉపాధ్యాయిని: అన్నగారూ, ఒకే తరగతికి చెందిన టాబ్లెట్లు అప్‌డేట్ ఎక్కిన వారం లోపే ఒకదాని వెంట ఒకటిగా ఛార్జింగ్ నిలుపుకోలేకపోతున్నప్పుడు, వాటి బ్యాటరీలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే వారంలో పాడయ్యాయనడం నమ్మశక్యంగా లేదు. కారణం వెతికేటప్పుడు అన్నింటికీ ఉమ్మడిగా జరిగినదేమిటో చూడాలని తర్కం చెబుతుంది, ఇక్కడ ఆ ఉమ్మడి సంఘటన అప్‌డేట్. పైగా బ్యాటరీని ఎంత వోల్టేజీ దాకా నింపాలి, ఎంత వేడెక్కితే కరెంటు తగ్గించాలి, మిగిలిన శాతాన్ని ఏ పద్ధతిలో లెక్కకట్టాలి అన్న నియమాలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. ఆ నియమాలను మార్చగలిగిన దానిని నిర్దోషి అని ముందే తేల్చేయడం న్యాయం కాదు.

మరమ్మతుదారు: ఉమ్మడిగా జరిగింది అప్‌డేట్ ఒక్కటేనా అన్నది మొదటి సందేహం, టీచరు గారూ. కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందనుకోవడాన్ని మన శాస్త్రకారులు కాకతాళీయ న్యాయం అన్నారు. ఏప్రిల్ చివర బడికి సెలవులిచ్చేటప్పుడు టాబ్లెట్లను ఏ పదిహేను శాతం ఛార్జింగ్‌తోనో బీరువాలో పెట్టి తాళం వేస్తారు. స్విచ్ ఆఫ్ చేసినా లోపలి సర్క్యూట్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి, బ్యాటరీ కూడా తనంతట తాను కొంత దిగిపోతుంది, దానికి మే నెల ఎండ తోడవుతుంది. జూన్ 12న బడి తెరిచి, టాబ్లెట్లు బయటికి తీసి, వైఫైకి కలపగానే నెలన్నరగా కాచుకుని ఉన్న అప్‌డేట్ ఆ రోజే దిగుతుంది. అప్పటికే లోపల దెబ్బతిన్న బ్యాటరీ మరుసటి వారం బయటపడితే నింద అప్‌డేట్ మీదికి పోతుంది. ఉమ్మడిగా జరిగిన వాటిలో ఆ వేసవిని కూడా లెక్కించాలి.

ఈ మాటలో బలమేమిటో తెలియాలంటే బ్యాటరీ స్వభావం కొంత తెలియాలి. టాబ్లెట్లలో ఉండేది లిథియం అయాన్ ఘటం, అంటే రెండు ఎలక్ట్రోడుల మధ్య లిథియం అయాన్లు అటూ ఇటూ ప్రయాణించడం ద్వారా విద్యుత్తును దాచి తిరిగి ఇచ్చే పరికరం. 1991లో సోనీ సంస్థ దీన్ని మొదటిసారి మార్కెట్‌లోకి తెచ్చింది. దీనికి మూలమైన పరిశోధనకు గుడ్‌ఎనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ ఘటం వోల్టేజీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 నుంచి 4.4 వోల్టుల మధ్య ఉండి, ఖాళీ అయ్యేకొద్దీ 3 వోల్టుల వైపు దిగుతుంది. అంతకంటే చాలా లోతుకు దిగి అక్కడే ఎక్కువ కాలం ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలై ఘటం శాశ్వతంగా చెడవచ్చు. వయసుతో రెండు నష్టాలు కలుగుతాయి: దాచుకునే శక్తి తగ్గుతుంది, అంతర్నిరోధం పెరుగుతుంది. అంతర్నిరోధం అంటే ఘటం తనలో నుంచి పోయే కరెంటుకు తానే పెట్టే అడ్డు. విశ్రాంతిలో 3.6 వోల్టులు చూపే ఘటం నుంచి టాబ్లెట్ ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగిందనుకుంటే, నిరోధం 0.1 ఓమ్ ఉన్నప్పుడు వోల్టేజీ 3.4కు మాత్రమే పడుతుంది, 0.25 ఓమ్‌కు పెరిగిన తరువాత 3.1కి పడిపోతుంది. అందుకే పాత టాబ్లెట్ ముప్పై శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఈ రెండో నష్టాన్ని వాడుకరులు దాదాపు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు, కానీ అప్‌డేట్ వివాదాల్లో అధికభాగం దీని చుట్టూనే తిరుగుతాయి.

ఉపాధ్యాయిని: వేసవి సంగతి ఒప్పుకోదగినదే. అయితే సెలవులతో సంబంధం లేకుండా, నవంబరులోనో జనవరిలోనో అప్‌డేట్ అయిన టాబ్లెట్ కూడా మొదటి రెండు రోజులూ వేడెక్కి, మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. దానికి ఏ వేసవిని కారణంగా చూపుతారు?

మరమ్మతుదారు: అక్కడ కారణం అప్‌డేటే, అయితే అది రోగం కాదు. ఆండ్రాయిడ్‌లో పెద్ద అప్‌డేట్ తరువాత ఒక్కొక్క యాప్‌నూ కొత్త వ్యవస్థకు తగినట్టు మళ్లీ యంత్రభాషలోకి మార్చుకునే పని నడుస్తుంది. ఐప్యాడ్‌లో ఫోటోలనూ ఫైళ్లనూ తిరిగి చదివి సూచిక తయారు చేసుకునే పని నడుస్తుంది. ఈ పనులు తెర ఆరి ఉన్నప్పుడు, ముఖ్యంగా ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు సాగుతాయి కనుక ప్రాసెసర్ వేడెక్కుతుంది. బ్యాటరీకి అంటించిన ఉష్ణోగ్రత సెన్సర్ ఆ వేడిని పట్టుకుంటుంది. వెంటనే ఛార్జింగ్ సర్క్యూట్ కరెంటు తగ్గిస్తుంది. సాధారణంగా లిథియం ఘటాన్ని 0 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఛార్జ్ చేయాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి గాలే ఆ పై హద్దు దగ్గరికి వెళుతుంటే, దళసరి కవరు తొడిగిన టాబ్లెట్ ఛార్జింగ్ ఆపేయడంలో వింత లేదు. కవరు తీసి, ఫ్యాను గాలి తగిలే చోట, ఒకటి రెండు రాత్రులు ఛార్జర్‌కు వైఫైకి కలిపి వదిలేస్తే ఈ పనులు ముగుస్తాయి, తరువాత ఛార్జింగ్ మునుపటిలాగే నిలుస్తుంది.

ఉపాధ్యాయిని: నిలవకపోతే?

మరమ్మతుదారు: నిలవకపోతే పరీక్షించాలి. పరీక్ష చేయకుండా సాఫ్ట్‌వేర్ కొట్టించడమూ తప్పే, బ్యాటరీ మార్పించడమూ తప్పే.

భారతీయ తర్కశాస్త్రంలో కారణ నిర్ణయానికి అన్వయ వ్యతిరేకాలు అనే జంట సాధనం ఉంది. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం, మొదటిది లేనప్పుడు రెండవదీ లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరితేనే మొదటిదాన్ని కారణమని అనుమానించడానికి వీలు కలుగుతుంది. అప్‌డేట్ తరువాత ఫిర్యాదు వచ్చిందన్నది అన్వయం మాత్రమే. వ్యతిరేకాన్ని చూడడానికి మరమ్మతుదారు చెప్పే మొదటి పరీక్షకు ఖర్చు లేదు: టాబ్లెట్‌ను పూర్తిగా స్విచ్ ఆఫ్ చేసి ఛార్జింగ్ పెట్టడం. ఆఫ్‌లో ఉన్నప్పుడు యాప్‌లూ తెరా పనిచేయవు కనుక, అప్పుడు ఛార్జింగ్ సవ్యంగా ఎక్కి, ఆన్ చేయగానే మళ్లీ నిలిచిపోతే లోపం లోపల నడుస్తున్న ప్రోగ్రాములలో ఉందని అనుమానించవచ్చు. ఆఫ్‌లో కూడా ఎక్కకపోతే దృష్టి ఛార్జర్, కేబుల్, ఛార్జింగ్ పిన్ను, బ్యాటరీల వైపు మళ్లాలి. రెండో పరీక్ష సేఫ్ మోడ్, అంటే టాబ్లెట్‌తో వచ్చిన యాప్‌లను మాత్రమే నడిపి, తరువాత చేర్చుకున్నవాటిని తాత్కాలికంగా నిద్రపుచ్చే స్థితి. ఆ స్థితిలో ఛార్జింగ్ నిలిస్తే కొత్త వ్యవస్థతో పొసగని పాత యాప్ ఏదో ఉందని తెలుస్తుంది, దాన్ని అప్‌డేట్ చేయడమో తీసేయడమో చాలు. సెట్టింగ్స్‌లోని బ్యాటరీ వినియోగం పేజీ ఆ యాప్ పేరు కూడా చాలాసార్లు చూపిస్తుంది. ఈ వరుసలో ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్న నియమం అన్నిటికంటే ముఖ్యం. ఛార్జర్ మార్చి, రీసెట్ చేసి, యాప్‌లు తీసేసి, అన్నీ ఒకే పూట చేసినవారికి టాబ్లెట్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, తరువాతి టాబ్లెట్‌కు ఆ అనుభవం పనికిరాదు.

మరమ్మతుదారు: కేబుల్ విషయాన్ని చిన్నదిగా చూడకూడదు, టీచరు గారూ. ‘ఛార్జింగ్ ఎక్కడం లేదు’ అని దుకాణాలకు వచ్చేవాటిలో చాలావాటికి కావలసింది మంచి కేబులూ, పిన్నులో చేరిన దుమ్ము తీయడమూ మాత్రమే. 5100 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న 8.7 అంగుళాల టాబ్లెట్‌ను తీసుకుంటే, అందులో పట్టే శక్తి సుమారు 19 వాట్ అవర్లు. దానికి 15 వాట్ల అడాప్టర్ పెడితే రెండు మూడు గంటల్లో నిండుతుంది. అదే టాబ్లెట్‌ను కంప్యూటర్ పాత యూఎస్‌బీ పోర్టుకు తగిలిస్తే 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే 2.5 వాట్లు వస్తాయి. తెర ఆపి ఉంచినా ఎనిమిది గంటలు దాటుతుంది, తెర వెలుగుతూ పాఠం నడుస్తుంటే వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. కేబుల్ సంగతి కూడా ఇంతే. సన్నని తీగల కేబుల్‌కు పోను రాను కలిపి పావు ఓమ్ నిరోధం ఉందనుకుంటే, 2 ఆంపియర్ల దగ్గర అర వోల్టు దారిలోనే పోతుంది. టాబ్లెట్‌కు చేరేది 4.5 వోల్టులు. వోల్టేజీ ఇంకా పడిపోకుండా ఛార్జింగ్ సర్క్యూట్ తానే కరెంటు తగ్గించుకుంటుంది. తెర మీద మాత్రం ‘ఛార్జింగ్ అవుతోంది’ అనే కనిపిస్తుంది. రెండు మూడు వందల రూపాయల యూఎస్‌బీ మీటర్‌ను మధ్యలో పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో కళ్లకు కనిపిస్తుంది, వాదనకు చోటుండదు.

ఉపాధ్యాయిని: పూర్తిగా ఖాళీ అయి, అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోయి, నల్ల తెరతో ఏ చలనమూ లేని టాబ్లెట్‌కు ఈ పరీక్షలేవీ వర్తించవు కదా.

మరమ్మతుదారు: దానికి ఓపిక మందు. బాగా లోతుకు దిగిన ఘటాన్ని ఒక్కసారిగా నింపితే ప్రమాదం కనుక సర్క్యూట్ మొదట చాలా స్వల్పమైన కరెంటుతో దాన్ని 3 వోల్టుల దగ్గరికి తీసుకొస్తుంది. అప్పటిదాకా తెర మీద ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. సరైన అడాప్టర్‌కు తగిలించి గంటసేపు కదపకుండా ఉంచి, ఆ తరువాత బలవంతపు రీస్టార్ట్ చేయాలి. చాలా ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో పవర్ బటన్‌నూ వాల్యూమ్ తగ్గించే బటన్‌నూ కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు. హోమ్ బటన్ లేని ఐప్యాడ్‌లో మొదట పై బటన్‌కు దగ్గరగా ఉన్న వాల్యూమ్ బటన్‌ను, తరువాత రెండవ వాల్యూమ్ బటన్‌ను నొక్కి వదిలి, ఆపిల్ గుర్తు వచ్చేదాకా పై బటన్‌ను పట్టుకోవాలి. ఇందులో డేటా ఏదీ పోదు. బ్యాటరీ ఉబ్బి తెరను పైకి నెడుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఈ ప్రయత్నాలన్నీ ఆపేయాలి. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, పిల్లలకు అందని చోట ఉంచి సర్వీస్ కేంద్రానికి అప్పగించాలి. అప్‌డేట్‌కూ ఉబ్బుకూ సంబంధం వెతుకుతూ ఒక్క పూట కూడా వృథా చేయరాదు.

ఇక్కడిదాకా మరమ్మతుదారు పక్షానిదే పైచేయిగా కనిపిస్తుంది. ఉపాధ్యాయిని అయితే ఇంకా తన అసలు ఆధారాన్ని బయటపెట్టలేదు. ఆ ఆధారం చరిత్రలో ఉంది.

ఉపాధ్యాయిని: అప్‌డేట్ నిర్దోషి అన్న మాటకు జరిగిన సంగతులు అడ్డు వస్తున్నాయి, అన్నగారూ. 2017 జనవరిలో ఆపిల్ సంస్థ ఐఓఎస్ 10.2.1 అప్‌డేట్ ద్వారా, బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని తగ్గించే ఏర్పాటు పెట్టింది. వాడుకరులకు స్పష్టంగా చెప్పలేదు. ఆ ఏడాది డిసెంబరులో, ఫోన్ల వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ పరీక్షల ఫలితాలు ప్రచురితమై గుట్టు బయటపడ్డాకే సంస్థ ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకు తగ్గించింది. 2020లో ఫ్రాన్స్ ఆ సంస్థకు రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించింది, అమెరికాలో 50 కోట్ల డాలర్ల దాకా పరిహారానికి ఒప్పందం కుదిరింది. టాబ్లెట్ ఉదాహరణే కావాలంటే 2015లో ఎన్విడియా తన షీల్డ్ టాబ్లెట్లను బ్యాటరీ అతిగా వేడెక్కి మంటలు రేగే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచినప్పుడు, కొత్తది అందుకున్నవారి పాత టాబ్లెట్‌ను అప్‌డేట్ ద్వారానే పనిచేయకుండా చేసింది. 2025 జనవరిలో గూగుల్ తన పిక్సెల్ 4ఏ ఫోన్లకు పంపిన అప్‌డేట్ కొన్నింటిలో బ్యాటరీ సామర్థ్యాన్నీ ఛార్జింగ్ వేగాన్నీ ఉద్దేశపూర్వకంగా తగ్గించింది, పరిహారంగా ఉచిత బ్యాటరీనో కొంత సొమ్మునో ఇస్తామంది. దూరంలో ఉన్న కంపెనీ ఒక్క ఫైలు పంపి చేతిలోని బ్యాటరీని చిన్నది చేయగలిగినప్పుడు, వాడుకరి అనుమానాన్ని కాకతాళీయమని ఎలా కొట్టిపారేస్తారు?

మరమ్మతుదారు: కొట్టిపారేయడానికి వీల్లేని ఉదాహరణలే ఇవి. కానీ ఆపిల్ ఉదంతంలో గుట్టు ఎలా బయటపడిందో కూడా చూడాలి. వేగం తగ్గిన ఫోన్లకు కొత్త బ్యాటరీ వేయగానే పాత వేగం తిరిగి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. కొత్త బ్యాటరీ ఉన్న ఫోన్‌లో అదే అప్‌డేట్ ఏ మార్పూ చూపలేదు. అప్‌డేట్ ఒక్కటీ కారణం కాదు, అరిగిన బ్యాటరీ ఒక్కటీ కారణం కాదు; రెండూ కలిసిన చోటే లోపం పుట్టింది. అంతర్నిరోధం పెరిగిన ఘటం హఠాత్తుగా ఆరిపోకుండా చేయడం ఆ అప్‌డేట్ ఉద్దేశం. పిక్సెల్ విషయంలోనూ, షీల్డ్ విషయంలోనూ నిప్పు ప్రమాదాన్ని తప్పించడానికి ఆ చర్య తీసుకున్నారు. ఉద్దేశం మంచిదే.

ఉపాధ్యాయిని: ఉద్దేశం మంచిదైనప్పుడు ముందే చెప్పడానికి అడ్డేమిటి? చెప్పి ఉంటే 29 డాలర్ల బ్యాటరీతో తీరే సమస్యకు కొత్త ఫోన్ కొన్నవారు అంతమంది ఉండేవారు కాదు.

మరమ్మతుదారు దీనికి సమాధానం ఇవ్వలేదు. ఇవ్వగలిగిన సమాధానం ఉన్నట్టు కూడా తోచదు. అప్‌డేట్ బ్యాటరీ నియమాలను మార్చినప్పుడు ఆ మార్పును, దాని కారణాన్ని, దాన్ని ఆపుకునే మార్గాన్ని వాడుకరి భాషలో ముందే తెలపడం తయారీదారు బాధ్యత. ఈ బాధ్యత నెరవేరని చోట మంచి మార్పులు కూడా లోపాలుగా కనిపిస్తాయి. బ్యాటరీ ఆయుష్షు పెంచడానికి ఛార్జింగ్‌ను 80 లేదా 85 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఇప్పుడు చాలా టాబ్లెట్లలో ఉంది. నిండుగా 100 శాతంలో ఎప్పుడూ ఉండే ఘటం త్వరగా ముసలిదవుతుంది కనుక అది శాస్త్రీయమైన ఏర్పాటే. అయినా ఆ సెట్టింగ్ పనిచేస్తున్న సంగతి తెలియనివారు, టాబ్లెట్ 80 దగ్గర ఆగిపోయిందని దుకాణానికి పరుగెత్తి, అక్కర్లేని రీసెట్‌కు డబ్బిచ్చి, పిల్లల నోట్సు పోగొట్టుకుంటారు.

ఉపాధ్యాయిని: ఆ రీసెట్ విషయంలో దుకాణాల తీరు మీద కూడా ఫిర్యాదు ఉంది. టాబ్లెట్ చేతికి రాగానే ఫ్యాక్టరీ రీసెట్ చేయడం, లేకపోతే పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తామని చెప్పడం అలవాటైపోయింది.

మరమ్మతుదారు: ఫిర్యాదు సబబే. ఫ్యాక్టరీ రీసెట్ అంటే టాబ్లెట్‌లోని సమస్తాన్నీ చెరిపి కొత్తదానిలా చేయడం; మిగిలిన పరీక్షలన్నీ అయ్యాక, డేటాను వేరేచోట భద్రపరిచాక మాత్రమే దానికి పోవాలి. పాత వెర్షన్‌కు వెళ్లడం అంతకంటే కష్టం. ఆపిల్ పాత వెర్షన్లకు తన డిజిటల్ సంతకాన్ని కొద్ది కాలానికే నిలిపివేస్తుంది, ఆ సంతకం లేనిదే ఐప్యాడ్ వాటిని అంగీకరించదు. ఆండ్రాయిడ్‌లోనూ పాత వెర్షన్‌ను తిరస్కరించే రక్షణ చాలా పరికరాల్లో ఉంది. దాన్ని దాటబోయి టాబ్లెట్‌ను పూర్తిగా పాడుచేసిన సందర్భాలున్నాయి. భద్రతా లోపాలను మూసే అప్‌డేట్లను వెనక్కి తిప్పడం పిల్లల చేతిలోని పరికరానికి క్షేమం కూడా కాదు. లోపం నిజంగా అప్‌డేట్‌దే అయితే దాన్ని సరిదిద్దే చిన్న అప్‌డేట్ సాధారణంగా వెనువెంట వస్తుంది, దానికోసం ఆగడం మేలు. శాతం తప్పుగా చూపుతుంటే, ఉదాహరణకు 40 నుంచి ఒక్కసారిగా 12కు దూకుతుంటే, ఒకే ఒక్కసారి పూర్తిగా నింపి, ఆరిపోయేదాకా వాడి, ఆపకుండా మళ్లీ నింపి చూడవచ్చు. లోనికి వచ్చిన, బయటికి పోయిన కరెంటును కూడుతూ తీసేస్తూ శాతాన్ని అంచనా వేసే సర్క్యూట్‌కు రెండు చివరలూ దొరికి లెక్క సరిపడుతుంది. దీన్ని వారం వారం చేస్తే మాత్రం బ్యాటరీయే అరుగుతుంది. అప్పటికీ దూకుడు తగ్గకపోతే బ్యాటరీ మార్చవలసిందే, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయదు.

ఉపాధ్యాయిని: మార్చడానికి టాబ్లెట్ విప్పడమే గగనమయ్యేలా జిగురుతో అంటిస్తున్నారు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతి పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులతో, వాడుకరే తీసి మార్చుకోగలిగేలా తయారు చేయాలి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అయితే విడిభాగం చేతికి రాని పల్లెకు పోర్టల్ ఒక్కటీ చాలదు.

మరమ్మతుదారు: ఆ మాటలో భేదాభిప్రాయం లేదు. అసలు బ్యాటరీ దొరకక నాసిరకందాన్ని వేయవలసి రావడం ఈ వృత్తిలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఐఎస్ 16046 సంఖ్య లేని బ్యాటరీని ఎంత చవకగా వచ్చినా వేయించుకోవద్దు.

ఉపాధ్యాయిని: అయితే వచ్చే అప్‌డేట్‌కు పాఠశాలలో ఒక పద్ధతి పాటించవచ్చు. సగం టాబ్లెట్లకు మాత్రమే అప్‌డేట్ ఎక్కించి, మిగిలిన సగాన్ని వారం రోజులు ఆపి, రెండు వర్గాలకూ ఒకే అడాప్టర్లు వాడి, ఉదయం ఎంత శాతం, సాయంత్రం ఎంత శాతం అన్నది విద్యార్థుల చేతనే రిజిస్టర్‌లో రాయించాలి. అప్‌డేట్ అయినవాటిలో మాత్రమే ఛార్జింగ్ దిగిపోతే దోషం అప్‌డేట్‌దని, రెండింటిలోనూ దిగిపోతే బ్యాటరీలదని తేలుతుంది.

మరమ్మతుదారు: ఒక సవరణ అవసరం. అప్‌డేట్ అయిన మొదటి రెండు రోజుల అంకెలను లెక్కలోంచి తీసేయాలి, సగం సగం విడదీసేటప్పుడు పాతవన్నీ ఒకవైపే పడకుండా చీట్లు వేసి పంచాలి.

ఉపాధ్యాయిని: చీట్లు వేయడానికి అభ్యంతరం లేదు. ఆ రెండు రోజుల అంకెలను మాత్రం తీసేయకుండా విడి పేజీలో రాయించాలి, ఎందుకంటే ఆ రెండు రోజులూ పరీక్షల వారంలో పడితే పిల్లలకు జరిగే నష్టం కూడా లెక్కలోదే.